చౌడమ్మ అట్టల ఇంగ్లీషు

1984 జూన్. ధర్మవరంలో ఒక జూనియర్ కాలేజీలో నేను ఇంగ్లీషు లెక్చరర్‌గా చేరి అప్పటికి తొమ్మిదేళ్లు. సొంతూరు గుత్తి. కాలేజీ అయ్యాక సాయంత్రాలు ఇంట్లోనే, పోటీ పరీక్షలకు వెళ్లేవాళ్లకు ఇంగ్లీషు చెప్పేదాన్ని. ఎక్కువగా బ్యాంకు పరీక్షలవాళ్లు, రైల్వే పరీక్షలవాళ్లు. నేను బాగా చెబుతానని పేరుంది, బాగా తిడతానని అంతకంటే పెద్ద పేరుంది. రెండోది ముందే ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే ఈ సంగతిలో దానికీ చోటుంది.

మా వీధి నిండా పట్టుచీరల మగ్గాలే. పొద్దున ఏడు గంటలకు మొదలైన చప్పుడు దీపాలు పెట్టేదాకా ఆగేది కాదు. పాఠం చెబుతున్నంతసేపూ గోడ అవతల నుంచి అది వినపడుతూనే ఉండేది. నాకెంత అలవాటైందంటే, వేసవి సెలవుల్లో గుత్తికి వెళితే ఆ చప్పుడు లేక మొదటి రెండు రోజులు ఏమీ తోచేది కాదు.

ఒకరోజు సాయంత్రం ఒకావిడ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ముప్పైకి దగ్గరగా ఉంటుంది. చంకలో చుట్టిన గ్రాఫ్ కాగితాలు.

"మేడమ్, నాకు ఇంగ్లీషు మాటలు కావల్ల" అంది.

"ఎన్ని కావాలమ్మా?"

"ఎన్నుంటే అన్ని."

అలా పరిచయమైంది చౌడమ్మ. మా వెనక వీధిలోనే ఇల్లు. భర్త ఆదినారాయణ మగ్గం నేస్తాడు, ఆమె ఆ మగ్గానికి అట్టలు కొడుతుంది. అట్టలంటే ఏమిటో చెప్పాలి. పట్టుచీర అంచులో హంసలు, మామిడిపిందెలు వస్తాయి కదా, వాటిని నేసేందుకు మగ్గం పైన జాకార్డు అనే పెట్టె ఉంటుంది. ముందు బొమ్మను గ్రాఫ్ కాగితం మీద గడులు గడులుగా గీస్తారు. ఒక్కో వరసకు ఒక్కో పొడుగాటి అట్ట తీసుకుని, ఆ వరసలో ఏ పోగు పైకి లేవాలో చూసి అక్కడ రంధ్రం కొడతారు. తరవాత అట్టలన్నిటినీ దారంతో వరసగా కుట్టి, దండలా చేసి మగ్గం మీదికి ఎక్కిస్తారు. ఒక్క అట్ట వరస తప్పినా హంస ముక్కు వచ్చి తోక దగ్గర పడుతుంది.

చౌడమ్మ ఈ పని చేసుకుంటూనే ప్రైవేటుగా కట్టి బి.ఏ. పాసైంది. ఉత్తరాదిలో ఒక డిజైన్ కాలేజీవాళ్లు చేతిపనివాళ్ల కోసం ఏడాది కోర్సు పెట్టి, కొన్ని సీట్లు ఇస్తున్నారని ఆమె ఎక్కడో చదివింది. ముందటేడు ప్రయత్నం చేసింది. బొమ్మల పరీక్షలో మంచి మార్కులు, ఇంటర్వ్యూలో మెచ్చుకున్నారు, ఇంగ్లీషు పేపర్లో తప్పింది. ముప్పై దాటితే మళ్లీ రాయనివ్వరు. ఆమెకు మార్చిలో ముప్పై నిండుతాయి. పరీక్ష డిసెంబరులో.

"ఈ తూరి పోతే ఇంగ లేదు మేడమ్" అంది.

"అంత పట్టుదల ఎందుకు? పని చేతిలో ఉంది కదా?"

"పనుండాది. మా అత్త కొత్తగా కాపరానికొచ్చినప్పటి నుంచి అదే హంసనే కొడతాండాము. ఆ హంసకు గూడా విసుగొచ్చింటాది."

నాకు నవ్వొచ్చింది. మర్నాటి నుంచి రమ్మన్నాను.

ఆ పేపర్లో సగం మార్కులు వొకాబులరీకి, అంటే కఠినమైన మాటల పరిచయానికి. యాభై వాక్యాలు ఇస్తారు. ఒక్కో వాక్యంలో ఒక మాట కింద గీత ఉంటుంది. దాని అర్థానికి దగ్గరగా ఉన్న మాటను, దాన్నే సినానిమ్ అంటాము, నాలుగింటిలోంచి ఏరుకోవాలి. సమయం అరగంట. నిమిషం కూడా పట్టకుండా ఒక్కోటి తేల్చాలి.

నా దగ్గర ఒక లావుపాటి నోటుపుస్తకం ఉండేది. పేపర్లు చదివేటప్పుడు కొత్త మాట తగిలితే అర్థంతో సహా అందులో రాసుకునేదాన్ని. తొమ్మిదేళ్లలో వెయ్యికి పైగా పోగయ్యాయి. అక్షర క్రమం లేదు, ఏ క్రమమూ లేదు. మొదటి మాట 'రెలక్టెంట్', ఇష్టంలేని. రోజుకు పది మాటల చొప్పున రాసుకుపొమ్మన్నాను.

చౌడమ్మలాంటి విద్యార్థిని నేను అంతవరకు చూడలేదు. పదిచ్చి పంపితే పదీ వచ్చేవి. నిన్నటివి అడిగితే నిన్నటివి, పోయిన నెలవి అడిగితే పోయిన నెలవి. నేను పుస్తకం తెరవగానే "ఏ పేజీ మేడమ్?" అనేది. పేజీ చెప్పేదాన్ని. పై నుంచి కిందికి అడుగుతూ పోతే తడుముకోకుండా అప్పజెప్పేది. 'రెలక్టెంట్, ఇష్టంలేని. వివిడ్, కళ్లకు కట్టినట్టుండే. ఫ్రూగల్, పొదుపైన.' వినడానికి ఎంత హాయిగా ఉండేదో! మా స్టాఫ్ రూములో నేను ఆమె గురించి చెప్పని రోజు లేదు. అట్టలు కొట్టే అమ్మాయి ముందు మీ డిగ్రీలు ఎందుకూ పనికిరావని మా వాళ్ల ముఖం మీదే అనేశాను.

అక్టోబరు చివర్లో, ఇక నలభై రోజులుందనగా, ఒక ఆదివారం పొద్దున మాక్ టెస్టు పెట్టాను. అసలు పరీక్ష లాగే నమూనా పరీక్ష. నా పుస్తకంలోని మాటలే తీసుకుని, అక్కడక్కడా ఏరి యాభై వాక్యాలు రాసిపెట్టాను. గడియారం ఎదురుగా పెట్టి కాగితం చేతికిచ్చి, వంటింట్లోకి వెళ్లాను. అరగంట తరవాత వచ్చి చూస్తే ఆమె తొమ్మిదో వాక్యం దగ్గర ఉంది.

కళ్లు మూసుకుని ఉంది. పెదవులు కదులుతున్నాయి. నాకు ఒళ్లు మండింది.

"ఏమమ్మా, నిద్రపోతాండావా? ఐదు నెలలు నా ప్రాణం తీసి ఇదా నువ్వు రాసేది?"

ఆమె కళ్లు తెరవలేదు. ఆగమన్నట్టు చెయ్యి మాత్రం ఎత్తింది. "వస్తాది మేడమ్. ఇంగా నూటెనభై అట్టలు పోవల్ల."

"అట్టలేంటివి?"

అప్పుడు కళ్లు తెరిచింది. "మాటలు మేడమ్. ఇది ఆడెక్కడో ఉండాది. ఈడి నుంచి పోతాండాను."

ఆమె ఏం చేసిందో ఆ సాయంత్రం వాళ్లింటికి వెళితే గాని నాకు పూర్తిగా తెలియలేదు. మగ్గం గదిలో గోడ పొడుగునా ఒక అట్టల దండ వేలాడుతోంది. చెడిపోయిన పాత అట్టల వెనక, ఒక్కో అట్టకు ఒక మాట, దాని అర్థం ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, నా నోటుపుస్తకంలో ఉన్న వరస ఉన్నట్టుగా దారంతో కుట్టింది. పేజీ మారిన చోటల్లా ఎర్రదారం. భర్త నేస్తుంటే పక్కన కూర్చుని, చేతిపని చేసుకుంటూ, ఆ దండను తిప్పుకుంటూ బట్టీ పట్టింది. దండ మొత్తం తలలోకి ఎక్కింది, వరసతో సహా. ఎర్రదారం దగ్గర మొదలుపెడితే ఆ పేజీ గడగడా వస్తుంది. నడిమధ్యలో ఒక మాట విడిగా కనబడితే మాత్రం, అది ఏ పేజీలోదో తెలియదు కాబట్టి, రెలక్టెంట్ దగ్గర మొదలుపెట్టి దండంతా తిప్పుకుంటూ రావలసిందే.

తప్పు ఆమె ఒక్కతెదే కాదు. ఐదు నెలల్లో ఒక్కరోజైనా నేను మధ్యలోంచి ఒక మాట అడిగి ఉంటే బయటపడేది. వరసగా అడిగాను, వరసగా వచ్చింది, వింటూ మురిసిపోయాను. ఆ సంగతి అక్కడే తెలిసింది, కానీ ఒప్పుకునే గుణం నాకుంటే కదా! కోపంగా, "కత్తెర తెమ్మా, ఈ దారాలు కోసి అట్టలన్నీ కలిపేద్దాం" అన్నాను.

మగ్గం చప్పుడు ఠక్కున ఆగిపోయింది. మూల కూర్చుని దారం చుడుతున్న చౌడమ్మ అత్తగారు ఓబులమ్మ లేచి వచ్చి నాకూ దండకూ మధ్య నిలబడింది.

"ఏం టీచరమ్మా, మాటలేనా అవి? చీర మగ్గం మీద ఉండంగా అట్టల దండ కోస్తారా యాడన్నా? మా ఇంట్లో చీర దిగిందాకా దండ మీద కత్తెర పడదు."

"అది చీర దండ కాదు కదమ్మా, ఇంగ్లీషు దండ."

"ఏ దండైనా దండే."

చౌడమ్మ వైపు చూశాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "వద్దు మేడమ్. వరస చెడితే నాకు ఒక్కటీ మిగల్దు. ఉన్నేటివి గూడా పోతాయి."

"అయితే నీ దండ నువ్వే మెళ్లో వేసుకో!" అని చెప్పులు తొడుక్కుని వచ్చేశాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది. మళ్లీ వెళ్లలేదు. ఆమె కూడా రాలేదు. నలభై రోజుల్లో నాలుగు రోజులు అలా మా ఇద్దరి పంతానికీ పోయాయి.

ఐదో రోజు ఆదినారాయణ వచ్చాడు. నెమ్మదైన మనిషి, అవసరమైతే తప్ప నోరు విప్పడు. గుమ్మంలోనే నిలబడి అన్నాడు: "మేడమ్, ఏమనుకోవద్దండి. మీకిద్దరికీ కోపాలే. ఆమె అన్నం తినదు, అట్టలు కొట్టదు. నా మగ్గం పని లేక సుమ్నే ఉండాది. మీరొక తూరి వస్తే నా పని నేను చేసుకుంటాను."

వెళ్లాను. చౌడమ్మ వంటింటి వైపు గుమ్మంలో మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. కాళ్ల దగ్గర ఒక అట్ట పడి ఉంటే, ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి దాన్ని తీశాను. రంధ్రాలు తప్ప దాని మీద ఏమీ రాసి లేదు.

"ఇది యాడిదో, కింద పడిపోయింది" అన్నాను.

ఆమె గది అవతలి నుంచే ఒక్క చూపు చూసింది. "హంస మెడ కాడిది. మెడ వంపు తిరిగే తావులోది. పాతది మేడమ్, దానికి బదులు వేరేది కొట్టినాను."

నేను అట్ట వైపు చూశాను. రంధ్రాలు. మళ్లీ ఆమె వైపు చూశాను.

"మొదటి అట్ట నుంచి లెక్కబెట్టకుండా ఎట్ల చెప్పినావు?"

"లెక్కెందుకు? హంస ఎట్లుంటాదో నాకు తెలుసు కదా. మెడ యాడ తిరుగుతాదో తెలుసు. అట్ట చూస్తానే తెలుస్తాది."

నేను అక్కడే, ఆ మగ్గం పక్కనే, నేల మీద కూర్చుండిపోయాను. హంస బొమ్మ ముందు ఆమె మనసులో ఉంది, అందుకే అట్ట విడిగా కనబడినా దాని చోటు తెలుసు. నా వెయ్యి మాటలకు బొమ్మే లేదు. బొమ్మ లేకుండా అట్టలు మాత్రం చేతికిచ్చి కుట్టుకోమన్నది నేనే.

"చౌడమ్మా, తప్పు నాది. నీ దండ జోలికి పోను. నీ గ్రాఫ్ కాగితం తీసుకురా" అన్నాను. ఆమె కళ్లు తుడుచుకుని, కాగితం, పెన్సిలు తెచ్చింది.

ఆ రోజు నుంచి మేము మాటలకు బొమ్మలు గీశాము. మా వృత్తిలో దీన్ని కాంటెక్స్ట్ అంటారు, అంటే మాట ఎక్కడ, ఎవరి మధ్య పుడుతుందో ఆ సందర్భం. క్లాసులో వందసార్లు చెప్పిన మాటే, చెయ్యడం మాత్రం అప్పుడే. ఒక కాగితం మీద మగ్గం ఇల్లు, ఒకదాని మీద అంగడి వీధి, ఒకదాని మీద రైల్వే స్టేషన్, ఒకదాని మీద వాన లేని చేను. ఒక్కో మాటను తీసుకెళ్లి దాని చోట్లో పెట్టాలి. ఏ చోటు అన్నది ఆమె ఇష్టం.

చేను కాగితం అన్నిటికంటే త్వరగా నిండింది. ఆరిడ్, బ్యారెన్, స్కార్స్, పార్చ్‌డ్, ఎండకూ కరువుకూ సంబంధించిన ఇంగ్లీషు మాటలకు మా జిల్లాలో బొమ్మ వెతకాల్సిన పనేముంది, కిటికీ తెరిస్తే చాలు. క్షణంలో మాయమయ్యే 'ఎఫిమెరల్'కు ఎదురుగా 'మన వాన' అని రాసుకుంది. చిక్కల్లా లష్, అబండెంట్, డెల్యూజ్ దగ్గర వచ్చింది. పచ్చదనం, సమృద్ధి, వరద. చౌడమ్మ పెన్సిలు కింద పెట్టేసింది.

"ఇవి వేరే జిల్లా మాటలు మేడమ్. తీసేద్దాము."

మగ్గం మీద నుంచి ఆదినారాయణ గొంతు వినపడింది. "ఆ యేడు మా అక్క ఊరికి పోయింటిమి కదే, బుక్కరాయసముద్రం చెరువు మరవ పారింది. జనమంతా తిరునాళ్లకు వచ్చినట్ల వచ్చి చూసిరి. ఆడ పెట్టు."

చెరువు నిండి పొంగిపొర్లిన ఆ ఒక్క రోజు మీద వరద మాటలన్నీ సర్దేశాము.

తరవాత మనుషుల వంతు. ప్రతి పనీ ఎంతో శ్రద్ధగా చేసే 'మెటిక్యులస్' ఆదినారాయణ. రోజుకొక అగ్గిపుల్లతో సరిపెట్టే ఎదురింటి పెద్దావిడ 'ఫ్రూగల్'. ఆగకుండా మాట్లాడే 'గారులస్' ఓబులమ్మ అని వేరే చెప్పాలా? ఆమె ఊరుకోదు కదా, "నన్నేం రాసినారే?" అని పట్టుకుంది. మాటకారి అని రాశామని చెప్పింది చౌడమ్మ. ఓబులమ్మ ఎంత సంబరపడిందంటే, వీధిలో ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, ఇంగ్లీషులో తనకొక పేరుందని ఒక్కొక్కరికీ పావుగంట చొప్పున చెప్పి వచ్చింది. ఆ మాటకు అంతకంటే మంచి బొమ్మ ఎవరూ గీయలేరు.

"మరి నేనెక్కడున్నాను?" అని ఒకరోజు అడిగాను. "మీరున్నారు మేడమ్, పరీక్ష అయినాక చెప్తాను" అని కాగితం మడిచేసింది. ఉదారమైన 'మాగ్నానిమస్' అయి ఉంటానని నాలో నేను అనుకున్నాను.

పరీక్షకు వారం ముందు మళ్లీ మాక్ టెస్టు పెట్టాను. ఈసారి వంటింట్లోకి వెళ్లలేదు, ఎదురుగా కూర్చున్నాను. ఆమె కళ్లు మూసుకోలేదు. కొన్నిచోట్ల చిన్నగా నవ్వుకుంటూ రాసింది. అరగంటలో యాభై వాక్యాలూ పూర్తి చేసింది, నలభై ఒకటి సరిగ్గా ఉన్నాయి. తిట్టడానికి నాకేమీ దొరకలేదు. మా ఇంట్లో అది అరుదైన సంగతే.

బెంగుళూరులో పరీక్ష. భార్యాభర్తలిద్దరూ రైల్లో వెళ్లారు. మర్నాడు సాయంత్రం వాళ్లు తిరిగొచ్చే బండి వేళకు నేను స్టేషన్లో ఉన్నాను. ఉత్తరం ఒకటి పోస్టు చెయ్యాలని వచ్చానని నాకు నేనే చెప్పుకున్నాను. చౌడమ్మ బండి దిగి, నన్ను చూసి, ప్లాట్‌ఫారం మీద ఒకటే నవ్వు. ఆదినారాయణ మాత్రం నేల చూపులు చూస్తున్నాడు.

"ఎట్ల రాసినావు? ముందు అది చెప్పు!"

"బాగా రాసినాను మేడమ్. మీరు గూడా వచ్చినారు."

"నేనెక్కడికి వచ్చినాను?"

"పేపర్లోకి. ఇరాసిబుల్ అనే మాట ఇచ్చినారు. చూస్తానే మీరు కనపడినారు. అదే, మా ఇంట్లో కత్తెర అడిగిన దినం. కండ్లు మూసి తెరిచేలోపల టిక్కు పెట్టేసినాను."

ఇరాసిబుల్ అంటే ముక్కోపి. నా నోటుపుస్తకంలోని మాటే, నా చేత్తో రాసిందే. నా ముఖం ఎలా మారిందో నాకు తెలియదు. ఆదినారాయణ రెండడుగులు వెనక్కి వేశాడు. నేను పగలబడి నవ్వాను, నవ్వుతూనే కళ్లనీళ్లు వచ్చాయి.

ఫలితం జనవరిలో టపాలో వచ్చింది. ఇంగ్లీషులో పాసు, సీటు వచ్చింది. కబురు తెలిసి నేను వెళ్లేసరికి ఇంట్లో పండగలా ఉంది. ఓబులమ్మ ఎదురొచ్చి నా చేతిలో బెల్లంముక్క పెట్టి, తన కొడుకు పుట్టిన రోజు నుంచి మొదలుపెట్టి అంతా చెప్పడం మొదలుపెట్టింది. లోపల చౌడమ్మ స్టూలెక్కి గోడ మీది ఇంగ్లీషు దండను విప్పుతోంది. చేతిలో కత్తెర.

"అత్తా, కోయొచ్చునా?" అని అక్కడి నుంచే అరిచింది.

ఓబులమ్మ తన కథ ఒక్క క్షణం ఆపింది. "చీర దిగింది కదే. ఇంగ కోయి."

దారాలు తెగి అట్టలన్నీ చాప మీద గలగలా రాలిపడ్డాయి. ఏ వరసా లేకుండా. చౌడమ్మ వాటి మధ్య కూర్చుని, వెతకకుండానే ఒకదాన్ని తీసి నాకిచ్చింది. అట్ట వెనక 'ఇరాసిబుల్, ముక్కోపి' అని ఉంది. దాని కింద తరవాత పెన్సిలుతో చేర్చింది: 'మా మేడమ్. నా కోసరం వచ్చే కోపము.'

చౌడమ్మ వెళ్లి చదువుకుని, ఏడాదికి తిరిగొచ్చి కొత్త బొమ్మలు గీసింది. హంసకు విశ్రాంతి దొరికింది. నేను ఆ తరవాత ఇరవై ఏళ్లు ఇంగ్లీషు చెప్పాను. ఏ పిల్లకూ మళ్లీ పుస్తకంలో పై నుంచి కిందికి మాటలు అడగలేదు. మాట ఇచ్చేముందు "ఇది మీ వీధిలో ఎవరు?" అని అడగడం చౌడమ్మ దగ్గర నేర్చుకున్నాను. విద్యార్థి కళ్లు మూసుకుని పెదవులు కదిలిస్తుంటే, అరిచేముందు, తను ఏ అట్ట నుంచి నడిచి వస్తోందో కనుక్కోవాలని కూడా అక్కడే నేర్చుకున్నాను.

కోపం తగ్గిందా అంటే, లేదు. ఆ అట్ట మాత్రం నా బల్ల సొరుగులో పైనే ఉండేది. కోపంతో ఎర్రసిరా పెన్ను కోసం చెయ్యి పెట్టినప్పుడల్లా ముందు అదే చేతికి తగిలేది.